ఆ ఫోటోలో ఉన్నది బాటిల్ పామ్ కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ తోటల పేజీలో పైభాగమంతా పరుచుకున్న ఫోటో ఒకటి వేశారు. దాని కింద ‘ఇంటి ముందు అందంగా బాటిల్ పామ్’ అని ఉంది. ఫోటో అందంగానే ఉంది కానీ, ఆ చెట్టుకు బొజ్జ ఉన్నది కింద కాదు, నడుము దగ్గర. అది స్పిండిల్ పామ్. ఇంతమాత్రానికి ఉత్తరం రాయాలా అని మా ఆయన నవ్వారు. ఆ రెండు చెట్లనూ పక్కపక్కన పెట్టుకుని పదకొండేళ్ళుగా చూస్తున్నదాన్ని, ఊరుకోలేకపోయాను.

నేను బట్టలు కుట్టే మనిషిని. ముప్ఫై రెండేళ్ళు మిషను తొక్కి, మోకాళ్ళు మొరాయించాక మానేసి తోటలో పడ్డాను. బోటనీ చదవలేదు. గుడ్డ చేతికి రాగానే మడత ఎటు తిరిగింది, అంచు ఎలా తెగింది, కుట్టు ఎక్కడ మొదలైంది అని చూడటం ఒక్కటే నాకు తెలిసిన విద్య. పామ్ మొక్కల దగ్గర చివరికి అదే పనికొచ్చింది. అయితే అది తట్టేలోపు నాలుగుసార్లు ఒక మొక్క అనుకుని ఇంకో మొక్క తెచ్చుకున్నాను. మోసపోయానని అనను. అమ్మినవాళ్ళకూ తెలియదు, కొన్న నాకూ తెలియదు.

ముందు మీ ఫోటో సంగతి. మా రెండు మొక్కలూ ఒకే రోజున, ఒకే పేరుతో, ఒకే రకం సంచుల్లో వచ్చాయి. రెండూ మోకాలెత్తున ఉండేవి. ఒకదాని మట్టలకు ఎరుపు జీర ఉండేది. రెండోదాని మట్ట వెనక పసుప్పచ్చ గీత ఒకటి, చాక్‌పీసుతో గీసినట్టు నిలువునా ఉండేది. ఒకే తానులో గుడ్డకు కూడా రంగు ఒక్కోచోట ఒక్కోలా దిగుతుంది కదా, ఇదీ అంతేలే అనుకున్నాను. నాలుగో ఏడు దాటాక ఎరుపు జీరదానికి నేలకు ఆనుకుని పొట్ట వచ్చింది. పసుపు గీతది మాత్రం కింద సన్నగానే ఉండి, నా నడుము ఎత్తుకు వచ్చేసరికి లావెక్కి, పైన మళ్ళీ సన్నబడింది. టేపు పట్టుకెళ్ళి కొలిచాను. మొదటిది నేల దగ్గర 44 అంగుళాలు, పైన మెడ కింద 19. రెండోది నేల దగ్గర 27, మధ్యలో 38, పైన 22. జాకెట్టుకు కొలతలు తీసినట్టే రాసుకున్నాను, ఆ కాగితం ఇంకా ఉంది. స్పిండిల్ అంటే కదురు. నూలు చుట్టిన కదురును నిలబెడితే ఎలా ఉంటుందో రెండోది అచ్చం అలా ఉంటుంది. మొదటిది సీసా. పేర్లు పెట్టినవాళ్ళు పొరపాటు పడలేదు, పేర్లు అతికించేవాళ్ళే పడుతున్నారు.

పొట్ట రాకముందే పోల్చుకోవాలంటే మట్ట మీది ఆ రంగులే మొదటి ఆనవాలు. మొక్క కాస్త పెద్దదయ్యాక కమ్మను చూడాలి. బాటిల్ పామ్‌కు కమ్మలు తక్కువ, ఒక్కోసారి నాలుగైదుకు మించవు. విల్లులా వంగి ఉంటాయి. వాటి రెబ్బలు నడిమి ఈనెకు రెండువైపులా రెండే వరసల్లో, తెరిచిన పుస్తకంలా పైకి లేస్తాయి. స్పిండిల్ రెబ్బలకు అంత క్రమశిక్షణ లేదు. ఒకటి ఇటు, ఒకటి అటు లేచి కుచ్చులా కనిపిస్తాయి.

ఈ రెంటి సొంత చోటూ హిందూ మహాసముద్రంలోని చిన్న చిన్న దీవులు. బాటిల్ పామ్‌ది మారిషస్ పక్కనున్న రౌండ్ ఐలాండ్. స్పిండిల్‌ది రోడ్రిగ్స్. 19వ శతాబ్దంలో రౌండ్ ఐలాండ్‌లో వదిలిన మేకలూ కుందేళ్ళూ మొలిచిన మొలకనల్లా నమిలేశాయి. 1979 నాటికి మేకల్ని, 1986లో కుందేళ్ళను పూర్తిగా తీసేశాకే ఆ దీవి మళ్ళీ పచ్చబడటం మొదలైంది. అడవిలో వేళ్ళ మీద లెక్కపెట్టే స్థితికి వచ్చిన చెట్టు ప్రపంచంలో ఎక్కడెక్కడి ఇళ్ళ ముందో హాయిగా పెరుగుతోంది. వీటి కుటుంబంలోనే ఇంకొకటి ఉంది, హయోఫోర్బ్ అమరికౌలిస్. అది మొత్తం లోకంలో ఒక్కటంటే ఒక్క చెట్టు, మారిషస్‌లోని క్యూర్‌పీప్ ఉద్యానవనంలో మిగిలింది. ఇది చదివిన రోజు నా రెంటికీ ఇంకో చెంబు నీళ్ళు ఎక్కువ పోశాను. అవసరం లేదని తెలిసే.

ఇక అరెకా పామ్. పేర్ల గందరగోళమంతా దీని దగ్గరే ఉంది. కుండీలో గుబురుగా, పసుప్పచ్చ కాడలతో పెరిగేదాన్ని అందరం అరెకా అంటాం. శాస్త్రం లెక్కలో అరెకా అనే పేరు పోకచెట్టుది. 1753లోనే లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త పోకకు అరెకా కాటెచు అని పెట్టాడు. మన కుండీ మొక్క మడగాస్కర్ నుంచి వచ్చింది. దాని పేరు 1878లో క్రైసాలిడోకార్పస్ లుటెసెన్స్, 1995లో డిప్సిస్ లుటెసెన్స్, 2022 నుంచి మళ్ళీ మొదటి పేరే. పుట్టింటి పేరు మార్చి, మళ్ళీ పుట్టింటి పేరుకే తెచ్చారన్నమాట. లుటెసెన్స్ అంటే పసుపు తిరిగేది. అందులో మాత్రం మార్పు లేదు.

నేను ఆ పేరు చెప్పి మూడుసార్లు మూడు మొక్కలు తెచ్చాను. మూడూ గుబురుగా పిలకలు వేసేవే, మూడింటివీ ఈకలాంటి ఆకులే. రెండేళ్ళు ఒకటే అనుకున్నాను. ఒకరోజు ఎండిన కమ్మలు కోసి కత్తిరింపు బల్ల మీద మూడింటి ముక్కలూ పక్కపక్కన పరిచాను. ఆ బల్ల మీద ఏది పరిచినా నా చెయ్యి ముందు అంచు మీదికే పోతుంది. మొదటిదాని రెబ్బ కొస సన్నగా, సూదిగా ముగిసింది. రెండోదాని కొస ఏటవాలుగా తెగి, పళ్ళుపళ్ళుగా ఉంది. గుడ్డ దారాలు ఊడకుండా మేము జిగ్‌జాగ్ కత్తెరతో కోస్తాం చూడండి, అలా. పురుగు కొరికిందేమో అనుకుని ఇంకో కమ్మ చూశాను, అదీ అంతే. అన్ని రెబ్బల్నీ ఒకే తీరుగా కొరికే పురుగు ఉండదు కదా. అది మెకార్థర్ పామ్. న్యూగినీ, ఉత్తర ఆస్ట్రేలియా దాని పుట్టిల్లు. తర్వాత దానికి ఎర్రటి పళ్ళ గెలలు దిగాయి. గింజ కడిగి చూస్తే నిలువునా గాళ్ళు, ఐదు. ఇక అనుమానం లేదు.

మూడోదాని కాండాలు వేలంత లావున, పచ్చగా, కణుపులతో వెదురు కర్రల్లా ఉన్నాయి. ఆకు ముదురాకుపచ్చ, ఎక్కడా పసుపు లేదు. పూత రాలాక పూకాడ నారింజ రంగుకు తిరిగి, దాని మీద నల్లటి చిన్న పళ్ళు వచ్చాయి. అది వెదురు పామ్ అనబడే షమడోరియా, మెక్సికో నుంచి మధ్య అమెరికా దాకా అడవుల నీడలో పెరిగేది. దీన్ని నేను రెండేళ్ళపాటు అరెకా అనుకుని ఎండలో నిలబెట్టాను. ఆకులు కాలిపోతుంటే నీళ్ళు చాలలేదేమో అని ఇంకా పోశాను. పేరు తప్పితే సేవ కూడా తప్పుతుందని చెప్పడానికే ఇది రాశాను. ఎండలో ఉన్న అసలు అరెకా మట్టలకు మంచి పసుపు వస్తుంది, నీడలో పెడితే పచ్చగానే ఉంటుంది. కాబట్టి రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దు. దాని మట్టల మీద ఆవగింజల్లాంటి నల్ల చుక్కలు ఉంటాయి. వాటిని తెగులనుకుని సబ్బునీళ్ళతో తోమినవాళ్ళను ఎరుగుదును. తోమినవాళ్ళలో నేనూ ఉన్నాను. అవి దాని ఒంటి మచ్చలు, పోవు.

అసలు దెబ్బ తగిలింది నాలుగోసారి. నక్కతోక పామ్, అదే ఫాక్స్‌టెయిల్, కావాలని అడిగాను. ఇచ్చారు. గోడకు మూడడుగుల దూరంలో నాటాను. నక్కతోక మాను సన్నగా, బూడిదరంగులో, దగ్గర దగ్గర వలయాలతో నాజూగ్గా పెరుగుతుందని విన్నాను. నాది మూడో ఏటికల్లా అడుగున పొట్ట పెంచింది. చూసినవాళ్ళు ‘ఓహో బాటిల్ పామ్’ అన్నారు. ఇంట్లో అసలు బాటిల్ పామ్ ఉన్నదాన్ని నేను కూడా ఓ క్షణం తడబడ్డాను. తీరా చూస్తే అది రాయల్ పామ్. లేత రాయల్ పామ్‌కు మొదట్లో అలా పొట్ట వస్తుంది, తర్వాత పైకి పోయేకొద్దీ మాను మధ్యలో ఉబ్బుతుంది. ఇప్పుడది డాబాను దాటిపోయింది. ఇరవై మీటర్ల దాకా పోతుందట. ఒక్కో కమ్మ రెండు నిలువుల పొడవు. ఎండినది దానంతటదే జారిపడుతుంది, గాలి కూడా అక్కర్లేదు. పోయిన ఏడాది ఒకటి పడి బట్టలతో సహా ఆరేసే తీగను తెంపుకుని పోయింది. ఆ పూట తీగ కింద ఎవరూ లేరు.

చెట్లు కొట్టే అబ్బాయిని పిలిస్తే, “సగానికి కొట్టేద్దామండీ, పక్కనుంచి చిగురేస్తుంది” అన్నాడు.

“కొబ్బరి తల కొడితే చిగురేస్తుందా నాయనా?” అన్నాను.

అతను తల గోక్కున్నాడు. ఒంటిమాను పామ్‌కు ఉన్నది ఒకటే మొవ్వు. అది పోతే చెట్టు పోయినట్టే. మానుకు గాటు పడినా వేప, మామిడిలా బెరడు కమ్ముకుని పూడదు, ఆ గాటు చెట్టు బతికినన్నాళ్ళూ అలాగే ఉంటుంది. పిలకలు వేసే అరెకా, మెకార్థర్‌లలో ఎదిగిన ఒక కర్రను మొదటికంటా కోసేసినా గుబురు నిలుస్తుంది. ఒంటిమానుకు ఆ వెసులుబాటు లేదు. ఎండిన కమ్మలు పడేలోపే కోయించుకోవడం తప్ప రాయల్‌తో ఇక చేసేదేమీ లేదు.

నక్కతోకనూ రాయల్‌నూ నాటేనాడే పోల్చుకుని ఉండొచ్చా? ఉండొచ్చు, బల్ల మీద నేర్చుకున్న పాఠం అప్పటికే వచ్చి ఉంటే. నక్కతోక రెబ్బ కొస కూడా మెకార్థర్‌దిలాగే తెగి పళ్ళుపళ్ళుగా ఉంటుంది, చిన్న మొక్కలోనూ అంతే. రాయల్ రెబ్బ కొస సన్నగా మొనదేలి ఉంటుంది. పెద్దయ్యాక మాత్రం కమ్మను చూసి తేల్చడం కష్టం, ఎందుకంటే రెంటికీ రెబ్బలు అన్నివైపులకీ లేచి కుచ్చులా ఉంటాయి. నక్కతోకది నిండు కుచ్చు, సీసాలు కడిగే బ్రష్షులా గుండ్రంగా. రాయల్‌ది కాస్త చెదిరిన కుచ్చు. పళ్ళు దిగాక చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. నక్కతోకకు కోడిగుడ్డంత, నారింజ కలిసిన ఎర్రపళ్ళు. రాయల్‌కు శనగగింజకు కాస్త పెద్దవి, ఊదా రంగు. నక్కతోకను శాస్త్రవేత్తలు పేరు పెట్టి నమోదు చేసింది 1983లోనే. ఆస్ట్రేలియా ఈశాన్య కొసలో కేప్ మెల్విల్ దగ్గర బండరాళ్ళ మధ్య పెరిగే చెట్టు అది. అక్కడి ఆదివాసి ఒకాయన వోడ్యెటి పేరు మీద వోడ్యెటియా అన్నారు. రాయల్ శాస్త్రీయ నామం రాయ్‌స్టోనియా. అది రాజసం నుంచి రాలేదు. రాయ్ స్టోన్ అనే అమెరికా సైనిక ఇంజనీరు పేరు మీద 1900లో పెట్టారు. నేను చాలాకాలం రాజుగారి చెట్టనే అనుకున్నాను.

మడత గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను, ఎందుకంటే పామ్ ఆకు అంటేనే మడత. కొబ్బరి రెబ్బను మట్టకు అంటుకున్న చోట అడ్డంగా కోసి, అంచు వైపు నుంచి చూడండి. మధ్య ఈనె పైకి, రెండంచులూ కిందికి, ఇంటికప్పులా కనిపిస్తుంది. ఇప్పుడు ఈత రెబ్బను చూడండి. ఈనె కిందికి, అంచులు పైకి, దోనెలా ఉంటుంది. కుచ్చిళ్ళు పెట్టేటప్పుడు మడతను పైకి తిప్పామా లోపలికి తిప్పామా అన్నంత తేడా. పైన చెప్పిన బాటిల్, స్పిండిల్, అరెకా, మెకార్థర్, వెదురు, రాయల్, నక్కతోక అన్నీ ఇంటికప్పులే. ఈత, ఖర్జూరం, కుండీల్లో పెంచే మరుగుజ్జు ఖర్జూరం దోనెలు. వీటికి మట్ట మొదట్లోని రెబ్బలే ముళ్ళుగా మారి ఉంటాయి. చేతులు చీరుకుపోతే అవే గుర్తుచేస్తాయి.

ఆ మరుగుజ్జు ఖర్జూరాన్నీ సాగో పామ్‌నూ దూరం నుంచి కలగాపులగం చేస్తుంటారు. రెండూ పొట్టివే, రెండూ గొడుగులా విచ్చుకునేవే, రెంటికీ మట్ట మొదట్లో ముళ్ళే. కాబట్టి ముల్లు చూసి లాభం లేదు. రెబ్బ తిప్పి చూడండి. సాగో రెబ్బకు దోనె మడతా లేదు, కప్పు మడతా లేదు. బిరుసుగా, ఒకే ఈనెతో, అంచులు మాత్రం కిందికి చుట్టుకుని హెమ్మింగ్ చేసినట్టు ఉంటాయి. కొత్త ఆకులు విప్పారేటప్పుడు రెబ్బల కొసలు ఫెర్న్‌లోలాగా సుడి తిరిగి ఉంటాయి, ఏ పామ్‌కూ అలా ఉండదు. ఎందుకంటే అది పామే కాదు. సైకాస్. పూలూ కాయలూ రాకముందు, రాక్షసబల్లుల కాలం కంటే వెనకటి వంశం. దానికి పూత ఉండదు, మధ్యలో శంకువు లేస్తుంది. ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళకు ఈ తేడా సరదా విషయం కాదు. సైకాస్ మొక్కంతా విషం, గింజల్లో మరీ ఎక్కువ. కుక్క నమిలితే కాలేయం చెడి ప్రాణం మీదికి వస్తుంది. మరుగుజ్జు ఖర్జూరంతో ఆ భయం లేదు, ముళ్ళ జాగ్రత్త తప్ప. మీ పేజీలోనే మూడు నెలల కిందట ‘పెంపుడు జంతువులున్న ఇంట్లో పెంచదగ్గ పామ్ మొక్కలు’ అని వేసిన వరసలో ఒక ఫోటో చూసి నా గుండె జారింది. పేరు ఖర్జూరానిది, బొమ్మ సైకాస్‌ది. అప్పుడే రాయాల్సింది, బద్ధకించాను.

జీలుగు గురించి ఒక్క మాట. చేపతోకలాంటి రెబ్బలున్నది కాబట్టి దాన్ని ఇంకో పామ్‌తో పొరబడేవాళ్ళు ఉండరు. పొరబాటంతా అందులోని రెండు రకాల మధ్యే. ఒంటిమానుది కారియోటా యురెన్స్. గుబురుది కారియోటా మైటిస్. రెండూ పై నుంచి కిందికి గెల తర్వాత గెల వేసుకుంటూ వచ్చి, చివరి గెలతో ఆ మాను చచ్చిపోతుంది. గుబురుదైతే పక్క మానులు ఉంటాయి, ఒంటిదైతే తోటలో ఖాళీ మిగులుతుంది. రెంటి పళ్ళ గుజ్జూ చర్మానికి తగిలితే దురద మామూలుగా ఉండదు. పిల్లలు ఆడే చోట వద్దు. విసనకర్ర ఆకుల పామ్‌ల జోలికి ఈ ఉత్తరంలో పోను, అవి నా దగ్గర రెండే ఉన్నాయి, వాటి సంగతి నాకింకా అంతుపట్టలేదు.

మీకు నా విన్నపం. పామ్ ఫోటో వేసినప్పుడల్లా పక్కన అగ్గిపెట్టె అంత స్థలంలోనైనా ఇంకో ఫోటో వెయ్యండి. అందులో రెబ్బ కొస కనిపించాలి, లేదా మాను పైన మట్టలు చుట్టుకుని పచ్చటి గొట్టంలా ఉండే మెడ కనిపించాలి. చెట్టు మొత్తం బొమ్మ అందానికే తప్ప ఆనవాలుకు చాలదు. వాడుక పేరుతోపాటు శాస్త్రీయ నామాన్ని కూడా తెలుగు అక్షరాల్లో వెయ్యండి. నోరు తిరగదని భయపడకండి. బాటిల్, స్పిండిల్ రెంటికీ శాస్త్రం పెట్టిన ఇంటిపేరు హయోఫోర్బ్ అంటే పందులమేత అని అర్థమట, అది తెలిశాక మా మనవడు ఆ పేరును ఒక్కసారి కూడా తప్పు పలకలేదు. సైకాస్ ఫోటో విషయంలో మాత్రం సవరణ తప్పకుండా వెయ్యండి, బాటిల్ పామ్‌ది వెయ్యకపోయినా సరే.

ఈ కవరులో రెండు ఫోటోలు పెట్టాను, వెనక పెన్సిలుతో పేర్లు రాశాను. కుడిచేతి వైపు, మెడ కింద పైకి తిరిగిన కొమ్ముల్లాంటివి కనిపిస్తున్నాయే, అవి స్పిండిల్ పూమొగ్గలు. అందులో ఒకటి నిన్న సాయంత్రం చీలింది. లోపల పూత ఏ రంగులో ఉందో నిచ్చెన వేసుకుని చూడాలి, నిచ్చెన పట్టుకోవడానికి మా ఆయన నిద్ర లేవాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒకప్పటి దర్జీ